వడోద్ దారిలో బొగ్గు గుండ్రాలు

2021 ఆగస్టు, శనివారం. తొమ్మిదిలోపు అయిన పనులు: రెండు బిందెల నీళ్లు, బకెట్ బట్టలు, పన్నెండు రొట్టెలు, వంకాయ కూర. మిగిలింది అత్తమ్మకు కరోనా టీకా రెండో డోసు. మోకాలి నొప్పి వంకతో ఆమె వాయిదా వేస్తూ వచ్చింది, గడువు దాటి వారమైంది. వాన తెరిపి ఇవ్వడంతో బయల్దేరదీశాను.

సూరత్‌లో మేముండే బమ్రోలి నుంచి వడోద్‌కు షేర్ ఆటోలో పావుగంట, ఇద్దరికీ ఇరవై రూపాయలు. డ్రైవర్ మలుపు దగ్గరే ఆపేశాడు. "బస్ బెన్, ఆగే లారీ హీ లారీ హై." ముందంతా లారీలేనట. ఇక్కడ లారీ అంటే తోపుడు బండి. టీకా వేసే బడి కనిపిస్తూనే ఉంది కానీ, ఫుట్‌పాత్ నిండా కూరగాయల బండ్లు, చెప్పుల బండ్లు. నడిచేవాళ్లంతా రోడ్డు మీదే. మొక్కజొన్న కంకుల బండి దగ్గర మరీ ఇరుకు. లాక్‌డౌన్‌లో రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు దూరం పాటించడానికి గీసిన తెల్ల గుండ్రాలు అక్కడ రోడ్డు అంచున ఇంకా ఉన్నాయి. ట్రాఫిక్ తిరిగొచ్చినా కంకుల కోసం వచ్చినవాళ్లు బుద్ధిగా వాటిలోనే నిలబడ్డారు. వాళ్లను తప్పించుకుని రోడ్డు మధ్యకు వెళ్లగానే ఒక టెంపో అత్తమ్మ చేతిసంచిని రాసుకుంటూ పోయింది.

ఆమె ఆగిపోయింది. "సూది వద్దు, ఏం వద్దు. కరోనాకు దొరకకుండ టెంపోకు దొరుకుతనా? ఇంటికి పోదాం పా."

కంకులమ్మే ఆమె మా మాట విని తెలుగులోనే అందుకుంది. పేరు సుజాత. మగ్గం పని ఆగిపోయాక ఈ బండి పెట్టుకుందట. "నేనేం జెయ్యాలె పెద్దమ్మా? గుండ్రాలు గీడున్నయి, బండి గీడ పెట్టిన."

"గా మూసిన షట్టర్ ముందటికి జరుపరాదు చెల్లే?" అన్నాను.

"గంత లోపలుంటె కంకులు ఎవలకు కనవడ్తయక్కా?"

"కనవడుడెందుకు బిడ్డా, వాసన లేదా? ముక్కున్నోళ్లు వాళ్లే వస్తరు" అంది అత్తమ్మ.

"ముక్కులకు మాస్కులున్నయి గద."

"ముక్కు మీద మాస్కున్నోణ్ని ఒక్కణ్ని చూపియ్యి."

వరుసలో అందరి మాస్కులూ గడ్డాల కిందే ఉన్నాయి. సుజాత నవ్వుతూ బండి ఒక కొస పట్టుకుంది, నేను రెండో కొస. అత్తమ్మ కంకులు కాల్చే కుంపటి పక్కనుంచి ఆరిన బొగ్గు తీసుకుని, ముగ్గేసిన చేత్తో గోడ పొడవునా గుండ్రాలు గీసింది. ఎవరు ముందో కాస్త వాదులాడుకుని జనం వాటిలోకి మారారు. ఫుట్‌పాత్‌లో సగం తెరుచుకుంది.

"సూది ఏసుకొని రా పెద్దమ్మా. నీకు కంకి బాకీ" అంది సుజాత. అత్తమ్మ నా చెయ్యి వదిలేసి ముందు నడిచింది. పన్నెండుకల్లా డోసు అయింది.

మిగతా బండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి దగ్గర మళ్లీ రోడ్డెక్కక తప్పలేదు. అయినా నాకు అర్థమైనంతవరకు ఆ దారిలో సుజాత బతుకుకూ చోటుంది, అత్తమ్మ నడకకూ చోటుంది. రోజులు మారినా పాత గీతల్ని ఎవరూ జరపలేదు, అంతే. పెద్దవాళ్లతో ఇటు వచ్చేవారు బండ్లు చేరకముందే, తొమ్మిదిలోపు రండి. వాళ్లను గోడ వైపు నడిపించండి.

తిరిగొచ్చేటప్పుడు అత్తమ్మ కంకి తీసుకుంది, నిమ్మకాయ రెండుసార్లు రాయించుకుని మరీ. బాకీ చెల్లు.