ఆపా తెంపిన దారం

నా చిన్నప్పుడు కొత్తవాడలో మా వీధి నిండా మగ్గాల చప్పుడే. మా తాతయ్య జంపఖానాలు నేసేవాడు. పెద్ద జంపఖానా ఒక్కరితో అయ్యే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరో సగం నేయాలి. ఒకరి వరస పూర్తికాకపోతే రెండోవాళ్లూ ముందుకు పోవడానికి లేదు. తాతయ్యకు జోడీ, వీధంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే పక్కింటావిడ. ఆమె పనికి వంక పెట్టినవాళ్లను నేను చూడలేదు.

ఒక వానాకాలం తాతయ్యకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక మాట తేరుకుంది గానీ కుడిచెయ్యి తేరుకోలేదు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయనకు చేసీ చేసీ మేం అలసిపోయాం, చేయించుకుని ఆయన ఇంకా అలసిపోయాడు. చివరికి ఆపాయే వచ్చి, తన పక్కన జాగా ఇంకా ఖాళీగానే ఉందని చెప్పింది. మగ్గాల సేటు ఒక్క జంపఖానా వరకే ఒప్పుకున్నాడు. అది సరిగా రాకపోతే ఆ జాగాలో వేరేవాళ్లను కూర్చోబెడతానన్నాడు.

బడి నుంచి రాగానే నేను వెళ్లి చూస్తూ కూర్చునేదాన్ని. తాతయ్య ఎడమచేత్తో దారం దూర్చి, కుడిచేతిని ఎవరిదో అయినట్టు లాక్కునేవాడు. ఆయన వెనకబడ్డప్పుడల్లా ఆపా దారం తెగేది. ఆమె నూలును తిట్టుకుంటూ తీరిగ్గా ముడి వేసేది. ఆ లోపు తాతయ్య వరస పూర్తయ్యేది. పాడు నూలని నాకూ కోపం వచ్చేది. ఒకరోజు ఆమె బొటనవేలి గోటితో దారాన్ని తెంపడం నా కంటపడింది. ఆపా నన్ను చూసి, ఊరుకొమ్మన్నట్టు తల ఊపింది.

పని పూర్తయ్యాక సేటు జంపఖానాను తిరగేసి చూశాడు. తాతయ్య సగంలో ముడి అన్నదే లేదు, ఆపా సగం నిండా ముడులే. నలుగురి ముందు ఆమెను కడిగేశాడు. తన కళ్లు మసకబారుతున్నాయని చెప్పి ఆపా తల వంచుకుంది. తాతయ్య జాగా ఆయనకే దక్కింది. ఆయన మాత్రం నోరు మెదపలేదు. నాకు ఒళ్లు మండింది.

ఇంటికి రాగానే, ఆ దారాలు ఆపాయే తెంపిందని చెప్పేశాను. తాతయ్య తన కుడిచేతిని ఒత్తుకుంటూ అన్నాడు:

"నాకు ఎరుకే బిడ్డా, మొదటి దినమే చూసిన. నేను ఆడ నోరు తెరిస్తే ఆమె పడ్డ మాటలన్ని ఉత్తగ పోతయి. తెంపుడు ఆమె పని. చూడనట్టు కూసునుడు నా పని. గదే కష్టం."

ఆ తర్వాతి జంపఖానాలో ముడులు తగ్గాయి. ఆ పై దానిలో ఇంకా తగ్గాయి.

ఇప్పుడు నేను బడిలో పిల్లలకు అన్నం వండుతాను. నిరుడు నాకూ పక్షవాతం వచ్చింది, ఎడమచెయ్యి ఇప్పటికీ పూర్తిగా మాట వినదు. మళ్లీ పనిలో చేరి రెండు నెలలైంది. మధ్యాహ్నమయ్యేసరికి ఎక్కడైనా ఒరిగిపోవాలనిపిస్తుంది. నాతో వండే, నేను చెల్లె అని పిలిచే అమ్మాయి, నా ముందు వంకాయల కుప్ప తరగనప్పుడల్లా, తన కత్తి మొండిదైందని నూరుకోవడానికి బయటికి పోతుంది. ఆ కత్తిని పోయిన ఆదివారం నూరింది నా కొడుకే. రోజూ ఆ మాట నోటిదాకా వస్తుంది. తాతయ్య చెయ్యి గుర్తొచ్చి, తల వంచుకుని ఇంకో వంకాయ అందుకుంటాను.