జిగురు బాబాయి అడిగిన అద్దం

మా బాబాయికి మనుషులతో మాట్లాడటం రాదు, పుస్తకాలతో వచ్చు. గ్రంథాలయంలో ముప్పై ఏళ్లుగా బైండింగు పని చేస్తూ, వేళ్లకు ఎండిన మైదా జిగురుతోనే తిరుగుతాడు కనుక అందరికీ ఆయన జిగురు బాబాయే. పై అధికారి వచ్చినా తలెత్తడు. అట్ట ఊడిన పుస్తకం వస్తే మాత్రం "ఎవరు కొట్టారమ్మా నిన్ను?" అని పలకరిస్తాడు.

వరద గ్రంథాలయం కింది అంతస్తును ముంచి పోయాక ఆయన నోటికి పట్టపగ్గాలు లేవు. "ఎండలో పెట్టకండి! అవి బట్టలనుకున్నారా?" అని అరుపులు. తడిసిన పుటల మధ్య పాత పేపర్లు పెట్టి, పూటపూటకీ మార్చాలి. సాయానికి వెళ్లిన నాకు రోజుకు ఇరవై తిట్లు. వీధిలోవాళ్లు కూడా తడిసిన ఆల్బములు పట్టుకొచ్చేవారు. వాళ్లనూ తిట్టి, ఒక్కటీ కాదనకుండా పుచ్చుకునేవాడు.

అయిదో రోజు పక్కవీధి టైలరమ్మ ఒక ఫోటోతో వచ్చింది. అందులో జడ ఉంది, పూల జాకెట్టు ఉంది. ముఖం ఉండాల్సిన చోట తెల్ల కాగితం. అది ఆమె చెల్లెలిది. ఆ పిల్ల పోయి పదకొండేళ్లయింది. ఉన్న ఫోటో అదొక్కటే. రోజూ మిషను ముందు కూర్చునేముందు కొంగుతో దాని అద్దం తుడవడం టైలరమ్మకు అలవాటు.

"లోపలికి బురద పోయిందని ఫ్రేము విప్పి తుడిచానన్నయ్యా. నా చేత్తో నేనే దాని ముఖం చెరిపేశాను," అంది. కొంగును పిడికిట్లో బిగించి పట్టుకుంది.

బాబాయి ఫోటోను భూతద్దంతో చూశాడు. ఈసారి తిట్టలేదు.

"తుడిస్తే అలుక్కుంటుందమ్మా. దీనికి బొమ్మ ఉన్న పొరే ఊడింది. అద్దం ఏది?"

"ఫోటో దానికి అతుక్కుపోతే లాగాను. నిండా బురదే కదా అని నిన్న చెత్తలో పారేశాను."

చెత్తలారీ చప్పుడు వీధి మొదట్లోంచి వినిపిస్తోంది. చేతిలోని భూతద్దం నా ఒళ్లో పడేసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు బాబాయి. దాన్ని బల్లమీద పెట్టి నేనూ టైలరమ్మా వెంటపడ్డాం. అప్పటికే ఆయన కుప్పకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆగండయ్యా! ఇందులో ఒక ఆడపిల్ల ఉంది!"

పనివాళ్ల చేతుల్లోంచి పారలు జారిపోయాయి. ఫోటో సంగతని తెలిశాక నాలుగు మాటలన్నారు గానీ, వాళ్లూ మాతో వెతికారు. మూల విరిగిన ఆ అద్దం తడి పరుపుల కింద టైలరమ్మకే దొరికింది. బాబాయి అంచులు పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. బురద మధ్య రెండు కళ్లు, ముక్కు, నవ్వబోతున్న పెదాలు.

టైలరమ్మ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

రెండు రోజులు కూర్చుని, అద్దం వెనక ఫోటోను సరిగ్గా ఆనించి, కొత్త ఫ్రేము కట్టాడు బాబాయి. ఒక చెవి మాత్రం రాలేదు. ముందువైపు కాస్త మట్టి అలాగే వదిలేశాడు. మరిచిపోయాడనుకున్నాను.

"అక్కడ మట్టి ఉంది, తుడువమ్మా," అన్నాడు.

టైలరమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "నేనా? నా చేతులు మంచివి కావన్నయ్యా."

"పిల్ల లోపలుంది. నువ్వు తుడిచేది బయట. కానీయ్."

పుస్తకం మీద నా వేలిముద్ర పడితే ఊరుకోని మనిషి, ఫ్రేము ఆమె చేతికిచ్చి కదలకుండా నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె కొంగు తీసి, మెల్లగా తుడిచింది.

"ముఖం కడుక్కోమంటే దీనికెప్పుడూ బద్ధకమే," అంది.