తిరిగి లోపలికెళ్లిన గ్లాసు

ఈ రోజు వన్ టౌన్‌లో మా వీధికి కుళాయి నీళ్లు పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. మా కింద వాటాలో పాపకు మూడు రోజులుగా విరేచనాలు. నీళ్లు తెమ్మంటే, ఇంటికొచ్చిన మనిషికి మంచివే ఇవ్వాలని గ్లాసుతో ఫిల్టర్ నీళ్లు తెచ్చాను.

"తాగడానిక్కాదమ్మా, కుళాయివి కావాల" అంది. గ్లాసు లోపల పెట్టేసి వచ్చాను. తనే చిన్న సీసాలో పట్టి, చుక్క మందు వేసింది. రంగు మారలేదు.

"తేటగానే ఉన్నాయిగా" అన్నాను.

"తేటగుంటే సాలదమ్మా. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాల."

పక్కింటి నీళ్లకు ఆ రంగు వచ్చింది. దాంతో రెండిళ్ల మధ్య మురిక్కాలవలో పగిలిన పైపును పట్టేసింది. బాగుచేసేవాళ్లు వచ్చి అతికేదాకా ఎండలోనే నిలబడి, మళ్లీ చుక్క వేసింది. ఈసారి పసుపు.

అప్పుడడిగింది, "ఇందాకటి గ్లాసు ఇయ్యండమ్మా, దాహంగుంది."

మీ వీధికీ ఇలాంటి అమ్మాయి వస్తే, నాలాగా గ్లాసు తిరిగి లోపలికి పట్టుకుపోకండి.