వడ్డీ లేని నెలలు

గిద్దలూరులో గొర్రెల మందుల దుకాణం నడిపే మధుసూదన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోన్ మోగితే పళ్లు కొరుకుతాడు, కానీ రెండోసారి మోగకముందే ఎత్తుతాడు. పాత కార్డు బాకీని తమ బ్యాంకు క్రెడిట్ కార్డుకు మార్చుకుంటే ఆరు నెలలు వడ్డీ ఉండదని ఆశపెట్టే ఫోన్లవి. ఇప్పటికి మూడు కార్డులు మార్చాడు. మార్చినప్పుడల్లా ఫీజు పేరుతో బాకీ పెరుగుతుంది. ఆ నెలలు కాస్తా ఇట్టే అయిపోతాయి, ఆపైన వడ్డీ నెత్తురు పీలుస్తుంది. బ్యాంకును ఏమీ అనలేక, వచ్చిన వాళ్ల ముందు మందు సీసాలను బల్ల మీద ఠపీమని పెడుతుంటాడు.

మొన్న రాచర్ల నుంచి గొర్రెల పెద్దమల్లయ్య వచ్చాడు. పాత బాకీ మాటేందని మధుసూదన్ గట్టిగా అడిగాడు.

“రేపు కట్టేస్తా నాయనా. ఎదురు దుకాణపాయన డబ్బులిస్తానన్నాడు. ఇంక మందులు ఆయన దగ్గరే కొంటే దసరా దాకా వడ్డీ అడగడంట” అన్నాడు పెద్దమల్లయ్య.

మధుసూదన్ ఒళ్లు మండిపోయింది. “బుద్ధుండే మాట్లాడుతున్నావా పెద్దనాయనా? ఆడ తెచ్చి ఈడ కడితే బాకీ తీరినట్లేనా? దసరా పోయినంక వడ్డీ కింద నీ గొర్రెల్నే తోలుకపోతాడు” అని అరిచాడు. బజారులో పోయేవాళ్లు ఆగి చూశారు.

పెద్దమల్లయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మరి ఏం చేయమంటావో నువ్వే చెప్పు నాయనా.”

అంతలో ఫోన్ మోగింది. మధుసూదన్ నంబరు చూసి, గోడవైపు తిరిగి, గొంతు తగ్గించాడు.

“చెప్పండి మేడమ్. ఈసారి ఎన్ని నెలలు?”