చామంతులు దిగిన మొయినాబాద్ బంకు

మా పాత పెట్రోల్ కారుకు గ్యాస్ పెట్టించాలి. సీఎన్‌జీయా, ఎల్‌పీజీయా తేలలేదు. తెలిసిన మెకానిక్, "ఒక పూట డ్రైవర్ నర్సింలుతో తిరిగి చూడండి" అన్నాడు. మెహిదీపట్నంలో ఉదయం అయిదుంబావు బస్సెక్కి ఆరున్నరకు చేవెళ్లలో దిగాను. స్టాండు పక్కన ఇడ్లీ ముప్పై రూపాయలు, వేడిగా ఉంది. ఈ దారిన వచ్చేవారికి నేను గట్టిగా సిఫారసు చేయగలిగింది అదొక్కటే.

నర్సింలుది ఎల్‌పీజీ కారు. ట్యాంకు స్టెప్నీ గుంతలో ఒదిగిపోతుంది కనుక డిక్కీ అంతా ఖాళీ. డిక్కీలో నాలుగు, వెనక సీట్లో రెండు చామంతి మూటలు. వాటి పక్కన, సిటీ పూల మార్కెట్‌కు బయల్దేరిన లక్ష్మమ్మ. ఆ పూలు పండించింది ఆమే.

"సీఎన్‌జీ అగ్గువనే సార్. కానీ సిలిండర్ పోయి డిక్కీల పంటది. మూటలు నా నెత్తిమీద పెట్టుకోవాల్నా?" అన్నాడు నర్సింలు.

"జర జల్ది పోనియ్యి తమ్మీ," అంది లక్ష్మమ్మ. "వానకు పోంగ మిగిలిన కోత గిదే. ఇది అమ్ముడుపోకుంటే తోట దున్ని ప్లాట్లోళ్లకు ఇస్తా అంటుండు మా ఆయన. ఎనిమిది దాటితే మార్కెట్ల ఎవలడుగుతరు?"

ఏడుంబావుకు మొయినాబాద్ చేరేసరికి గ్యాస్ అయిపోవచ్చింది. ఎల్‌పీజీ బంకుకు గొలుసు వేసి ఉంది.

"లోడ్ రాలే," అన్నాడు వాచ్‌మన్.

"మొన్న గూడ గిదే చెప్తివి గదనే!"

"మొన్న గూడ రాలే గద."

నర్సింలు నవ్వి పెట్రోల్ స్విచ్ నొక్కాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగింది. మళ్లీ పలకలేదు. గ్యాస్ బండ్లవాళ్లు పెట్రోల్ స్టార్టింగ్‌కు చాలులే అని అడుగున కాస్తే ఉంచుతారు. ట్యాంకులో పెట్రోలు తోడే మోటారును చల్లబరిచేది ఆ పెట్రోలే. అది చాలక మోటారు కాలిపోయింది.

"పెట్రోల్ డబ్బెడు పొయ్యిరా అని ఎన్నిసార్లు చెప్పిన?" అంది లక్ష్మమ్మ.

"గ్యాస్ ఉండంగ ఎందుకనుకున్న అక్కా," అన్నాడు. ఆ మాట తర్వాత ఆమె వైపు చూడలేదు.

పక్కనే సీఎన్‌జీ కోసం రోడ్డు దాకా టాక్సీలు. నర్సింలు ఒక్కొక్కరినీ బతిమాలాడు. తెరిచిన ప్రతి డిక్కీలోనూ సిలిండరే, సీట్లలో కిరాయి మనుషులు. సిటీ బస్సు ఆగింది గానీ కండక్టర్, "మనుషులకే జాగ లేదు అక్కా, మూటలెక్కడ పెట్టాలె?" అన్నాడు. గండిపేట ట్రాలీ ఆటోకు ఫోన్ చేస్తే ఎనిమిదిన్నరకు గానీ రానన్నాడు.

ఎనిమిదింటికి లక్ష్మమ్మ ఒక మూట విప్పింది. "చెయ్యి పెట్టి చూడు సారూ." మగ్గిన పూలు లోపల జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతున్నాయి. ఇంతలో ఫోన్ మోగింది.

"లేదు, పోలే," అంది భర్తతో. కాసేపు విన్నది. "దున్నే ట్రాక్టరోనికి చెప్పుకో."

తొమ్మిది గంటల బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. నోటుబుక్కులో రెండు మాటలే రాసుకున్నాను: ఒకదానికి చోటు లేదు, ఒకదానికి గ్యాస్ లేదు. మా కారు పెట్రోలుతోనే నడుస్తుంది, నడిచినన్నాళ్లు. బస్సు కదులుతుంటే బయటికి చూశాను. మూటలన్నీ ట్రాలీలోకి ఎక్కాయి. లక్ష్మమ్మ వాటి మీదే కూర్చుంది. ట్రాలీ చేవెళ్ల వైపు తిరిగింది.