గున్నగాడి గుండె

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో పై అంతస్తు అమ్మాయి ఒక కుక్కపిల్లను ఎత్తుకొని ఎక్కింది. పిల్ల అనడమే గానీ, దాని పాదాలు మా ఇంటి గరిటెలంత ఉన్నాయి. గ్రేట్ డేన్ అట. దాని తల్లికీ తండ్రికీ గుండె స్కాన్ చేసిన రిపోర్టులు చూశాకే తెచ్చుకున్నామని ఆ అమ్మాయి మురిపెంగా చెబుతుంటే, నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయింది. నా మనసు అప్పటికే మారేడ్‌పల్లిలో మా చిన్నాయన ఇంటి గేటు దగ్గర ఉంది.

మా చిన్నాయనకు బన్సీలాల్‌పేట్‌లో పరుపుల దుకాణం. మనిషి సన్నం, మాట మెల్లన, ఒంట్లో షుగరు. అలాంటి మనిషి ఒకరోజు స్కూటరు మీద తన కాళ్ల మధ్య కూర్చోబెట్టుకొని తెచ్చిన గ్రేట్ డేన్ పిల్ల, ఏడాది తిరిగేసరికి ఆ స్కూటరంత ఎత్తయింది. గున్న ఏనుగులా ఉందని చిన్నమ్మ విసుక్కుంటూ అన్న మాటే పేరుగా నిలిచింది. వాణ్ని వంటింటి గడప తొక్కనివ్వనని ఆమె పట్టుబట్టింది. వాడికి తొక్కే అవసరమూ రాలేదు. గడప బయట నిలబడి మెడ చాపితే మూతి పొయ్యి గట్టు మీదికి చేరేది. చల్లారబెట్టిన సర్వపిండి ఒకసారి అలాగే మాయమైంది. పాపం, తానెంత పెద్దవాడో వాడికి తెలియదు. వీధిలో పిల్లి కనబడితే చిన్నాయన వెనక దాక్కునేవాడు, అంటే దాక్కున్నాననుకునేవాడు. గచ్చు మీద పడుకుని మోచేతులు కాయలు కాస్తున్నాయని చిన్నాయన వాడికోసం డబుల్ మంచం కొలతతో దూది పరుపు కుట్టించాడు. ఇంట్లో అంత మెత్తటి పరుపు ఇంకెవరికీ లేదు.

అంత అందగాడికి సంబంధాలు రాకుండా ఉంటాయా! గున్నను అమ్మిన వ్యాపారే తన దగ్గరున్న ఆడకుక్కతో జత కట్టిస్తానని, పుట్టినవాటిలో మొదటి పిల్ల మాకేనని కబురు పెట్టాడు. చిన్నాయన మొహం వెలిగిపోయింది. గున్నగాడి కొడుకును పెంచాలని ఆయనకు ఎంత కోరికో ఆ రోజే మాకు తెలిసింది. చిన్నమ్మ అయితే ఆడపిల్ల పుడితే పెట్టడానికి పేరు కూడా వెతకసాగింది.

అప్పుడే మౌలాలి నుంచి ఒక రిటైర్డ్ రైల్వే గార్డు వచ్చాడు. గున్నతో ఒకే ఈతలో పుట్టిన కుక్క ఆయన ఇంట్లో పెరిగింది. ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా ఆయన చెప్పుకొచ్చాడు. ఈమధ్య ఒక పొద్దున వాకింగ్‌లో నడుస్తూ నడుస్తూ తమవాడు పడిపోయాడట, మళ్లీ లేవలేదట. గుండె జబ్బని డాక్టరు చెప్పాడట. "మీవాన్ని సుత ఒకసారి సూపియ్యిండ్రి" అని వెళ్లిపోయాడు.

చూపించారు. గుండె పెద్దదై, దాని గోడలు పలచబడుతున్నాయని తేలింది. ఇలాంటి భారీ జాతుల్లో ఇది వంశంలోనే దిగుతుందని, మాత్రలతో కొంతకాలం సుఖంగా ఉంచవచ్చు గానీ నయం కాదని పశువుల డాక్టరు వివరించాడు. పుట్టబోయే పిల్లలకు వస్తుందా అని చిన్నాయన అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఇంటికొచ్చే దారి పొడుగునా గున్న ఆటో పక్కనుంచి తల బయటపెట్టి గాలి పీలుస్తూనే ఉన్నాడట.

వ్యాపారి మళ్లీ వచ్చాడు. సంగతి విని, పైకి ఏం తెలుస్తుంది, మస్తుగున్నాడు కదా అన్నాడు. చిన్నాయన వద్దని పంపించేశాడు. ఇక చిన్నమ్మ అందుకుంది. ఆమె బాధ ఆమెది.

"మీ ఇంట్ల అందరికి షుగరే. గా షుగరు చూసి మా నాయన పిల్లనియ్యకుంటే ఎట్లుంటుండె?"

"మీ నాయనకు అన్నీ చెప్పినంక ఇచ్చిండు" అన్నాడు చిన్నాయన మెల్లగా. "ఆ పిల్లల్ని కొనుక్కపోయేటోళ్లకు ఎవరు చెప్తరు?"

ఆమె చాలాసేపు గున్న చెవులు నిమురుతూ కూర్చుంది. తర్వాత లేచి, గున్న మిగతా తోబుట్టువులు ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కొని వాటిని పెంచేవాళ్లకూ చెప్పి రమ్మంది. చిన్నాయన స్కూటరు వేసుకొని తిరిగాడు. కొందరు అపశకునం పలికాడన్నట్టు చూశారు. ఒక ఇంట్లో మాత్రం వెంటనే పరీక్ష చేయించి, మందులు మొదలుపెట్టారు.

ఆ తర్వాత గున్న దాదాపు రెండేళ్లు బతికాడు, హాయిగానే బతికాడు. ఉదయం చిన్నాయన మాత్రలు ఒక గిన్నెలో, వాడివి ఇడ్లీ ముక్కలో. "ఇద్దరిల గున్ననే నయం, మందు చూసి మొఖం మాడ్చడు" అనేది చిన్నమ్మ. అంతకుముందు నడకకు వెళ్తే గున్న చిన్నాయనను లాక్కుపోయేవాడు. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కన, ప్రతి గేటు దగ్గరా ఆగి, కూరగాయల బండ్ల వాళ్లందరినీ పలకరిస్తూ వెళ్లేవారు. వంటింటి గడప నియమం ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఒక చలికాలపు మధ్యాహ్నం, వాకిట్లో ఎండలో, చిన్నమ్మ ఒడిలో తల పెట్టి నిద్రలోనే వెళ్లిపోయాడు. ఇద్దరూ ఏడ్చారు. కానీ ఏదో మిగిలిపోయిందన్న ఏడుపు కాదది.

పెద్ద కుక్కలకు ఆయుష్షు చిన్నదని అందరూ అంటారు, నిజమే. అయినా ఆ ఇంట్లో గడిచిన రోజులు తలచుకుంటే, కాలం పరుగెత్తినట్టు నాకు అనిపించదు. గున్న అలసటను గమనించి, కాలమూ అడుగు తగ్గించి, వాడి పక్కనే నడిచినట్టు అనిపిస్తుంది.