ఎవరూ నొక్కని రెండో దారి

ఏసీ గదిలో కూర్చుని చెమటలు కక్కుతూ, ఐదుగురు పెద్దమనుషుల ముందు కన్నతండ్రి పరువు తీసిన ఘనురాలిని నేను. అదీ ఆయన నోటితోనే తీయించాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. నేను మాత్రం ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ దిండులో మొహం దాచుకుంటాను.

మాది హౌరా. మా నాన్న సింహాచలం శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, కాంట్రాక్టర్ల కింద మురుగుకాలువల పని చేసి మమ్మల్ని పెంచాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడతాను గానీ, అప్పట్లో తెలుగు అక్షరాలు చూస్తే జంతికల పళ్ళెం చూసినట్టుండేది. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో తెలిసేది కాదు.

అలాంటి నేను తెలుగు రచయిత్రిని అవుదామనుకున్నాను. కలకత్తాలో ఐటీ ఆఫీసులుండే సెక్టర్ ఫైవ్‌లో ఒక చిన్న కంపెనీ ఫోన్లో చదువుకునే కథలు తయారుచేస్తుంది. మామూలు కథలు కావు. ప్రతి మలుపులోనూ చదివేవాళ్ళకి రెండు దారులు చూపిస్తారు. ఏది నొక్కితే కథ అటు వెళుతుంది. వాళ్ళకి ఒక తెలుగు కథ కావాలి, నచ్చితే రాసినవాళ్ళకి ఉద్యోగం కూడా ఇస్తారు. డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చున్న నాకు అంతకంటే ఏం కావాలి?

కథ సిద్ధంగానే ఉంది, మా నాన్న బతుకు. రాయడం రాదంటారా? ఫోను ఉందిగా! వంటింట్లో అమ్మ పక్కన పీట వేసుకుని, మైకు బొమ్మ నొక్కి, వారం రోజులు చెప్పుకుంటూ పోయాను. ఫోను వినయంగా రాసుకుంటూ పోయింది. ఆ వినయమే కొంప ముంచింది. వింటే చాలు, అది ఎవరి మాటైనా సరే రాసేసేది. తిరిగి చదివి సరిచూసుకుందామంటే చదవడం రాదాయె.

ఇక దారుల సంగతి సిగ్గు విడిచి చెబుతాను. నలభై మలుపులు పెట్టాను, నిజంగా రాసింది ఒకే దారి. రెండోది నొక్కినవాళ్ళని నాలుగు మాటలు చెప్పి, మెడపట్టి మొదటి దారిలోకే తోసేశాను.

కంపెనీలో కథలు ఎంచే మౌశుమి దీదీ దగ్గరికి వెళ్ళి మాత్రం బెంగాలీలో ఉపన్యాసమే ఇచ్చాను.

"ప్రతి నిర్ణయానికీ ఒక కొత్త జీవితం దీదీ! పాఠకుడే బ్రహ్మ!"

"చాలా బాగుంది. కానీ మాలో ఎవరికీ తెలుగు రాదు. చదవగలిగే వాళ్ళని ఒకరిని తీసుకురా. వాళ్ళు చదివి మాకు చెబుతారు, మేము చూస్తాం."

మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నాన్న ఒక్కడే. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు బయలుదేరాడు. నదికింద మెట్రో వెళుతుండగా పాఠం చెప్పాను.

"నాన్నా, నువ్వు ఎప్పుడూ పైదే నొక్కాలి. కిందది ముట్టుకోకు."

"నాకేటమ్మా, పైదే నొక్కుతాను. నీ ఉజ్జోగం కంటేనా?"

కంపెనీ వాళ్ళు ఐదుగురు మా చుట్టూ కూర్చున్నారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో వాక్యం గట్టిగా తెలుగులో చదివి, వెంటనే బెంగాలీలో చెప్పడం మొదలుపెట్టాడు.

"కథానాయకుడు హౌరా స్టేషన్లో దిగాడు. నాలుగు విజిల్సు వచ్చీసాయి, కట్టీనా?"

ఆ రెండో వాక్యం కథలోది కాదు. అది అమ్మ గొంతు, కుక్కరు గురించి.

"విజిల్సు అంటే రైలువా?" అంది మౌశుమి దీదీ మెచ్చుకోలుగా.

"అవును దీదీ, వాతావరణం!" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

నాన్న చెప్పినట్టే పైదే నొక్కుకుంటూ వెళ్ళాడు. మ్యాన్‌హోల్ ఘట్టం వచ్చింది. తాడు పాతది, మేస్త్రీ దిగమంటున్నాడు. పైదారి: మాట్లాడకుండా దిగు. కిందదారి: దిగనని చెప్పు.

నాన్న వేలు గాల్లో ఆగిపోయింది.

"ఇది నాను సెయ్యలేదమ్మా," అన్నాడు.

"నాన్నా, పైది..."

"లేదే, ఇది అబద్ధం." కిందది నొక్కాడు.

చదివాడు. చుక్కలు లేవు, కామాలు లేవు, అమ్మ మాటలూ నా మాటలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏ మాట ఎవరిదో తెలుసుకోవడానికి ఆయనకి మాత్రం ఏ కష్టమూ కలగలేదు.

"రెండోది నొక్కితే ఏటవుద్దే ఏమీ అవ్వదమ్మా అదెవరూ నొక్కరు నాన్నలాంటివాళ్ళకి అంత ధైర్యం ఎక్కడిది అలగనకే మీ నాన్న ఆ రోజు దిగలేదే ఆగమ్మా కథ నాది దిగాడనే రాస్తాను."

ఆ తర్వాత వాక్యం: "కథానాయకుడు మాట్లాడకుండా దిగాడు."

అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ చదివింది చదివినట్టు చెబుతానని మాట ఇచ్చిన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అంతా అక్షరం పొల్లుపోకుండా బెంగాలీలో చెప్పాడు. తనకి ధైర్యం లేదన్న మాటతో సహా. నేను నేల చీలితే బాగుండునని చూశాను, అది మూడో అంతస్తు.

మౌశుమి దీదీ నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగి, బాబాయిని పిలిచినట్టు బెంగాలీలో పిలిచింది.

"కాకు, నిజంగా ఏం జరిగింది?"

"తాడు సగం తెగిపోయుంది దిదిమొనీ. దాన్ని నా చేత్తో పట్టుకుని, 'బాబూ, ముందు తమరు దిగండి, పైన నేను పట్టుకుంటాను' అన్నాను మేస్త్రీతో."

"అతనేమన్నాడు?"

"తాడు చూశాడు. నన్ను చూశాడు. ఇంటికెళ్ళిపోయాడు."

గదంతా గొల్లున నవ్వింది.

"మరి మీ పని?"

"పీకేశారు. నాతోపాటు ఇంకో ఆరుగురు 'మేమూ దిగం' అన్నారు. మూడోనాడు కొత్త తాడు తెచ్చి కాంట్రాక్టరు వాళ్ళే పిలిచారు."

"ఇంత మంచి దారి కథలో ఎందుకు లేదు?" అని దీదీ నన్నడిగింది.

"పిల్ల తప్పు కాదండి," అన్నాడు నాన్న. "నేనెప్పుడూ దానికి చెప్పలేదు."

అమ్మ చెప్పబోతే నేను నోరు మూయించానని ఇందాక ఆయనే చదివాడు కదా! నా ఉద్యోగం కోసం అబద్ధం ఆడాడు. అంతకంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది.

తిరుగు ప్రయాణంలో మెట్రో మహాకరణ్ స్టేషన్ దాటి మళ్ళీ నదికిందికి దిగింది.

"ఫోనే అలా రాసేసింది నాన్నా," అన్నాను చివరికి.

"ఫోనుకి నానెవలో తెల్దు గదమ్మా," అన్నాడు మెల్లగా. "నీకు తెలుసుననుకున్నాను."



పది రోజులకి ఉత్తరం వచ్చింది. కథ తీసుకుంటున్నారు. రచన: సింహాచలం. ఆయన చెబుతుంటే రాసిపెట్టే గుమాస్తా ఉద్యోగం నాది. చేత్తో రాయాలన్నది నాన్న పెట్టిన షరతు, అక్షరాలు కూడా ఆయనే దిద్దించాడు. కథ మళ్ళీ మొదటి నుంచి రాస్తుంటే, నలభై మలుపుల్లో ముప్పై నాలుగు చోట్ల ఆయన కిందది నొక్కాడు. ప్రతిసారీ నేను కలలో కూడా ఊహించని సంగతి ఒకటి బయటపడింది. జీతం తీసుకుని మరీ సిగ్గుపడే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

కాబట్టి సమస్త పాఠకుల ఎదుట, కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. బతికున్న మనిషి కథ ఆ మనిషిని అడక్కుండా రాయను. అమ్మ నోరు తెరిస్తే 'ఆగు' అనను. మా నాన్న దిగనన్న చోటికి, ఉద్యోగం కోసమైనా సరే, ఆయన్ని మళ్ళీ దించను.